అడ్డుపలక

బోను వెనకతలుపు ఊడదీసినా దొరసాని అనే పెద్ద పంది బయటికి రాలేదు. తొట్టిలో ముట్టె పెట్టుకుని అలాగే నిలబడింది. పక్కబోనులోదీ అంతే, దాని పక్కదీ అంతే. వెల్డింగ్ మేస్త్రి నల్లకళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని, పొద్దుటినుంచి చేతులు పడిపోయేట్టు కోస్తున్నాను వదినగారూ, ఒక్క పందికైనా విశ్వాసం లేదే, అని నవ్వాడు.

వదిన కూడా నవ్వింది. ఫారం ఆమె మరిదిది. అతను వదినా అని పిలుస్తాడు కాబట్టి పనివాళ్ళకూ, దాణా లారీ డ్రైవరుకూ, వయసులో తనకంటే పెద్దవాడైన ఈ మేస్త్రికీ కూడా ఆమె వదినే అయిపోయింది. చూడి పందుల షెడ్డు మొదటినుంచీ ఆమె చేతిలోనే ఉంది. కడుపు నిలిచిన పందిని తెచ్చి ఈ ఇనపకమ్మీల మధ్య నిలబెడితే, మళ్ళీ ఈనబోయే ముందే బయటికి తీయడం. ఆ మధ్యకాలమంతా లేవడం, పడుకోవడం, ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి. పక్కకు తిరగడానికి చోటుండదు. తిరగడమనేది ఒకటుందని వాటికి గుర్తుండాలి కదా మేస్త్రీ, అందామె.

ఈ బోనులు తీయించమని ఆమె మరిదిని అడగని ఏడు లేదు. సరే చూద్దాంలే వదినా అనేవాడు, చూసేవాడు కాదు. ఇప్పుడు మాంసం కొనే కంపెనీ ఒకటి, చూడి పందులను గుంపుగా వదిలిపెట్టే ఫారాలనుంచి తప్ప కొనబోమని కబురు పెట్టింది. ఆమె ఇన్నాళ్ళు మొత్తుకున్నా కదలని పని వాళ్ళ ఒక్కమాటకు కదిలింది. ఎలా కదిలితేనేం అనుకుంది వదిన.

మొట్టమొదట కదిలింది సిగ్గులమ్మ. తినేటప్పుడు ఎవరైనా చూస్తే చెవులు కళ్ళమీదికి దించేసుకుంటుందని ఆ పేరు వదినే పెట్టింది. అది వెనక్కి ఒక అడుగు వేసింది. ఎప్పుడూ తగిలే కమ్మీ తగల్లేదు. ఆగింది. ఇంకో అడుగు వేసింది. అలా వెనక్కి వెనక్కి నడుచుకుంటూనే బోనుల వెనక కొత్త దొడ్డి మధ్యకు వచ్చేసింది. అక్కడ పరిచిన ఎండుగడ్డి గిట్టలకు తగిలేసరికి బెదిరి తల పక్కకు తిప్పింది. తలవెంట మెడ, మెడవెంట ఒళ్ళు తిరిగాయి. తన డొక్కనూ తోకనూ ఎవరిదో కొత్త పందిని చూసినట్టు వాసన చూసుకుంది. మళ్ళీ తిరిగింది. గుండ్రంగా తిరిగి తిరిగి, కాళ్ళు తడబడి గడ్డిలో కూలబడి, లేచి, మళ్ళీ తిరిగింది.

వదినకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రబ్బరు బూట్లతోనే ఇంట్లోకి పరిగెత్తి తోడికోడలిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. పాలు పొంగిపోతాయక్కా అని గొణుక్కుంటూ వచ్చిన తోడికోడలు దొడ్డిగేటు మీద గడ్డం ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"పాపం, దీనికి నడవడం రాదక్కా," అంది చివరికి.

"వస్తుంది. నేర్చుకుంటుంది," అంది వదిన, తనే నేర్పబోతున్నంత ధీమాగా.

పొద్దు వాలేసరికి అన్నీ బయటికొచ్చాయి. రాగానే కొట్లాట మొదలైంది. అది ఉండేదేనని పశువుల డాక్టరు ముందే చెప్పాడు. కొత్తవాటిని కలిపితే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తేలేదాకా కొట్టుకుంటాయి, తర్వాత సర్దుకుంటాయి అన్నాడు. అయితే ఓడిపోయినది పారిపోయి దాక్కోవడానికి దొడ్డిలో అక్కడక్కడ అడ్డుగోడలు ఉండాలి, దాణా అంతా ఒకేచోట పోయకూడదు, తట్టుకోలేనిదాన్ని తీసి ఉంచడానికి ఒక గది ఖాళీగా పెట్టుకోవాలి అని మరీ మరీ చెప్పాడు. మరిది అన్నిటికీ తల ఊపాడు. డాక్టరు వెళ్ళాక, ముందు దొడ్డి కానీ, గోడల సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఖాళీగా ఉండాల్సిన గదిలో కోసిన ఇనుమంతా నింపించాడు, పాతసామానువాడు వచ్చి పట్టుకెళ్ళేదాకా.

చదునైన నేల, చుట్టూ నున్నటి గోడ. దొరసాని తరుముకొస్తే పరిగెత్తడానికి చోటుంది గాని దాక్కోవడానికి చోటు లేదు.

*

మర్నాడు పొద్దున్నే దాణా బండి తోసుకుంటూ వెళ్ళేసరికి చెవులు చిరిగినవీ, భుజాలమీద చారలు తేలినవీ కనిపించాయి. వదిన ఊదారంగు మందు పూస్తూ, బస్సులో సీటుకోసం కొట్టుకున్నట్టు ఏమిటే ఇది, ఇంత చోటిచ్చాక కూడా బుద్ధి లేకపోతే ఎలా అని ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి తిట్టింది. తిడుతున్నంతసేపూ ఆమెకు భయం వేయలేదు. దాణా చల్లాక వేసింది.

బోనుల్లో ఎవరి తొట్టి వారికుండేది. ఇప్పుడు నేలమీద చల్లాలి. మొదటి చారెడు దాణా నేలన పడీ పడకముందే దొరసాని తల అడ్డంగా విసురుతూ ముందుకొచ్చింది. దాని వెనక బలమున్నవి వచ్చాయి. వాటి సందుల్లోంచి ముట్టెలు దూర్చి కాస్త కండ ఉన్నవి తిన్నాయి. సిగ్గులమ్మ చివరి మూలలో గోడవైపు తిరిగి నిలబడింది. ఒకసారి వచ్చి చూసి, చెవిమీద కాటు తిని మళ్ళీ అక్కడికే పోయింది. మిగతావన్నీ తిని పడుకున్నాక వచ్చి తడినేలను నాకింది.

పందులను ఒకచోటినుంచి ఇంకోచోటికి తోలేటప్పుడు అడ్డం పట్టే చెక్కపలక ఒకటి షెడ్డులో ఉంటుంది. వదిన దాన్ని తెచ్చి మూలకు ఏటవాలుగా పెట్టి, దాని వెనక సిగ్గులమ్మకు చారెడు చారెడుగా దాణా పోసి, పలకకు మోకాళ్ళు ఆనించి నిలబడింది. దొరసానికి వాసన తగిలింది. వచ్చి పలకను ముట్టెతో కుమ్మింది. ఆగి, ఒళ్ళంతా వేసి కుమ్మింది. వదిన బూట్లు తడిమీద జారాయి. పలక అంచు మోకాలి ఎముకకు తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా వదల్లేదు. పలక వెనక సిగ్గులమ్మ దాణాలో ముట్టె పెట్టబోయి, ఆమె చూస్తోందని చెవులు దించుకుంది.

"తినవే తల్లీ, నేను చూడట్లేదులే," అని వదిన తల అటు తిప్పుకుంది. అప్పుడు వినిపించింది, అది నమలడం.

కానీ ఎంతసేపని నిలబడుతుంది. ఈనిన పందుల దగ్గరికి వెళ్ళాలి, నీళ్ళగొట్టాలు చూడాలి, కాలవ కడగాలి. తిరిగొచ్చేసరికి సిగ్గులమ్మ వెనకభాగం కొరుకుళ్ళతో ఎర్రగా ఉంది. వెనక కుడికాలు నేలమీద పూర్తిగా ఆనించడం లేదు. అయినా పడుకునే ముందు అది గుండ్రంగా తిరిగింది. కుంటుకుంటూ, గడ్డిని ముట్టెతో ఎగదోసుకుంటూ ఒక చుట్టు తిరిగి గాని పడుకోలేదు. వదిన చీపురు పట్టుకుని అది చూస్తూ నిలబడిపోయింది.

సాయంత్రం మరిది కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి అడిగింది. ఆ గదిలో ఇనుము తీయించమంది. అడ్డుగోడలు ఇప్పుడే కట్టలేకపోతే నాలుగు చెక్కలైనా నిలబెట్టమంది. సామానువాడు రాలేదని అతనన్నాడు. రేపు కంపెనీనుంచి తనిఖీకి వస్తున్నారు, అయ్యాక చూద్దామన్నాడు. పోనీ ఒకసారి వచ్చి చూడమంటే వచ్చాడు. దొడ్డిగేటు దగ్గర నిలబడి చూస్తున్నకొద్దీ అతని మొహం గట్టిపడింది. ఫారం మీద అప్పులూ అతని భుజాలమీదే, ఫారం పేరూ అతని భుజాలమీదే. కోపం వస్తే ఎదురుగా ఎవరుంటే వారిమీద పోసేస్తాడు.

"ఈ రక్తాలు చూసిందంటే రేపొచ్చేవిడ మనవల్ల కాదంటుంది, వెళ్ళిపోతుంది," అన్నాడు. "అప్పుడు మళ్ళీ పాతవాళ్ళకే అమ్ముకోవాలి. వాళ్ళకు బోనులతో పేచీ లేదు. మేస్త్రిని పిలిచి కోసినవన్నీ మళ్ళీ అతికించి ఎక్కడివక్కడ నిలబెడతాను. నీ ముచ్చటా తీరుతుంది, నా ముచ్చటా తీరుతుంది."

 "మళ్ళీ" అన్న మాట ఒక్కటే వదిన చెవిలో ఉండిపోయింది. కంచంలో పెట్టింది కెలికి లేచింది. తోడికోడలు ఒంట్లో బాగాలేదా అక్కా అని అడిగితే, బాగానే ఉంది, ఆకలి లేదంది.

*

తనిఖీ రోజు ఆమె అందరికంటే ముందు లేచి షెడ్డులోకి వెళ్ళింది. తడిసిన గడ్డి ఎత్తేసి పొడిగడ్డి మందంగా పరిచింది. గోడలమీది రక్తపు మరకలు కడిగింది. చెక్కపలకను తీసుకెళ్ళి దాణా బస్తాల వెనక పెట్టింది. మూలకు పలక వేసి ఉంటే, ఇదెందుకని అడుగుతారు. ఇదెందుకో చెబితే అన్నీ చెప్పాలి.

పలక లేకుండానే దాణా చల్లింది. సిగ్గులమ్మ కుంటుకుంటూ మూలకు వెళ్ళి, నిన్న పలక వెనక తిన్నచోటే నిలబడి ఎదురుచూసింది. ఆమె వస్తుందనుకుంది కాబోలు. దొరసాని వచ్చింది. డొక్కకింద తల పెట్టి ఎత్తి గోడకు కొట్టింది. మళ్ళీ కొట్టింది. సిగ్గులమ్మ అరవలేదు. వదిన దాణా ముంచి చల్లుతూనే ఉంది. ఇవాళ ఒక్కరోజు ఓర్చుకో, ఒక్క పూట ఓర్చుకో అని లోపల అనుకుంటూ, అటు చూడకుండా చల్లుతూనే ఉంది.

తనిఖీకి వచ్చినావిడ చిన్నవయసుదే. షెడ్డులో అడుగుపెట్టగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టి, తుడుచుకుంటూ నవ్వింది. నీళ్ళు ఎన్నిచోట్ల ఉన్నాయో చూసింది, గడ్డి మందం చేత్తో నొక్కి చూసింది. మరిది పక్కనే ఉండి అడిగినదానికి జవాబులు చెప్పాడు. ఉన్నట్టుండి ఫోను తీసి చెవిన పెట్టుకుని, ఒక్క నిమిషమండీ, మా వదిన చూపిస్తుంది, వీటిగురించి ఆమెకు తెలిసినట్టు నాకు తెలియదు అని బయటికి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ మిగిలారు. ఆవిడ గేటుమీద చేతులు పెట్టుకుని చాలాసేపు పందులను చూసింది. తర్వాత అడిగింది.

"రోజూ చూసేది మీరే కదండీ. ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయండి," అంది వదిన.

"కొట్టుకోవడం?"

"మొదట కొట్టుకున్నాయి. ఇప్పుడు సర్దుకున్నాయి."

"అన్నిటికీ తిండి అందుతోందా?"

"అందుతోందండి."

ఆవిడ కళ్ళు మూలవైపు వెళ్ళాయి. అక్కడ సిగ్గులమ్మ గోడకు తల ఆనించి నిలబడి ఉంది. వదిన గబగబా మాట్లాడటం మొదలుపెట్టింది. బోను తలుపు తీసిన రోజు ఒక పంది ఎలా వెనక్కి నడుచుకుంటూ వచ్చిందో, తన తోకను తానే ఎలా వాసన చూసుకుందో, చుట్లు తిరిగి తిరిగి ఎలా కూలబడిందో, తాను బూట్లతో ఇంట్లోకి పరిగెత్తితే తోడికోడలు పాలు పొంగిపోతాయని ఎలా గొణిగిందో, అన్నీ చెప్పింది. అందులో ఒక్కటీ అబద్ధం లేదు. ఆవిడ వింటూ నవ్వింది. వదిన కూడా నవ్వింది. కొత్త పద్ధతి మీలాంటివాళ్ళ చేతిలో పడాలండీ అని ఆమె చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది.

కారు రోడ్డెక్కగానే వదిన పరుగున పలక తెచ్చి మూలకు వేసి, దాణా మామూలుకంటే ఎక్కువే పోసింది. సిగ్గులమ్మ రెండు ముద్దలు తిని ఆపేసింది. నీళ్ళు పట్టినా తాగలేదు. కాసేపటికి మరిది లోపలికొచ్చి, ఒప్పుకున్నారు వదినా, ఏ లోపమూ లేదందట, అన్నాడు. ఇంత పెద్ద మాట చెబుతూ అతను సంతోషంగా లేకపోవడం ఆమె గమనించింది. అలసిపోయాడనుకుంది.

*

మర్నాడు పొద్దున సిగ్గులమ్మ కాలవ పక్కన పడుకుని ఉంది. దాని వెనక గడ్డిలో మిగతా పందులు మూగి వాసన చూస్తున్నాయి. వదిన పలకతో వాటిని తోసుకుంటూ వెళ్ళింది. నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. ఇంకా వెంట్రుక రాని పిల్లలు, అరచేతిలో పట్టేంత పిల్లలు, గులాబిరంగు తోలులోంచి నరాలు కనిపిస్తూ గడ్డిలో చెదిరి ఉన్నాయి. ఒకదాన్ని ఏదో తొక్కింది.

ఆమె మోకాళ్ళమీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ ఏరి బకెట్లో పెట్టింది. పైన గడ్డి కప్పింది. సిగ్గులమ్మను లేపబోతే ముందుకాళ్ళు ఊనింది గాని వెనకభాగం లేవలేదు. లేవడానికి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించింది. ప్రతిసారీ పక్కకు పడింది. ఇక వద్దులేవే అని వదిన దాని మెడమీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంది.

డాక్టరు వచ్చి తుంటి దగ్గర తడిమి చూశాడు. ఎముక విరిగిందన్నాడు. ఏళ్ళతరబడి కదలకుండా నిలబడ్డ పంది, ఎముకల్లో బలం ఎక్కడుంటుందమ్మా అన్నాడు. గదిలో వేరేగా ఉంచి చూసుకుంటాను, పక్కమీదే తినిపిస్తాను, మెల్లిగా మానుతుందేమో అని వదిన అడిగింది. అతను ఆమె మొహంవైపు చూడకుండా సంచి తెరిచాడు. మానదమ్మా, మనం ఉంచినన్నాళ్ళూ బాధపడుతుంది, అంతే, అన్నాడు.

సూది వేస్తున్నప్పుడు సిగ్గులమ్మ తల వదిన ఒళ్ళో ఉంది. అది ఆమెనే చూస్తోంది. చెవులు దించుకునే ఓపిక కూడా లేదు దానికి. వదినే చెవిని మెల్లిగా కంటిమీదికి దించి, ఊపిరి ఆగేదాకా అరచేత్తో అలా పట్టుకుంది.

డాక్టరు వెళ్ళాక కూడా ఆమె లేవలేదు. గేటు దగ్గర ఎప్పటినుంచి నిలబడి ఉన్నాడో, మరిది లోపలికి వచ్చి కొంచెం దూరంలో ఆగాడు.

"ఆవిడతో చెబుతావనుకున్నాను వదినా," అన్నాడు.

"ఏమని?"

"ఉన్నదే చెబుతావని. గోడలు లేవని, కొట్టుకు చస్తున్నాయని. లోపం వాళ్ళే చూసి రాసుకుంటే సామాను వాళ్ళే పంపి కట్టిస్తారట. నేనడిగితే, పని ఎగ్గొట్టి ఇప్పుడు బేరమాడుతున్నాడంటారు. నీ మాట అలా కాదు. అందుకే మీ ఇద్దరినీ వదిలేసి వెళ్ళాను. ఆ ఫోను మోగలేదు వదినా."

వదిన తలెత్తి చూసింది. 

"మళ్ళీ బోనుల్లో పెడతానన్నావుగా."

"కోపంలో ఏదో అన్నాను. నా కోపాన్ని నువ్వెప్పుడు లెక్కచేశావు గనక?"

అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ అతని కోపానికి జంకి తాను మింగేసిన మాటలు, ఆకలి లేదని లేచిన పూటలు, బాగానే ఉందని నవ్విన నవ్వులు, ఏ ఒక్కటీ అతని దాకా వెళ్ళనే లేదు. అన్నీ అంత బాగా దాచింది. నిన్న కూడా అంత బాగానే దాచింది.

"నాతో ఒక్కమాట చెప్పి వెళ్ళాల్సింది," అంది.

 నువ్వూ నాతో చెప్పొచ్చుగదా అని అతను అనలేదు. వెళ్ళి ఆ గది తలుపు తీశాడు. ఇనపకమ్మీలు ఒక్కొక్కటే భుజాన వేసుకుని వాకిట్లో పడేయడం మొదలుపెట్టాడు. పనివాళ్ళు సాయం రాబోతే వద్దన్నాడు.

*

వదిన స్నానం చేసి వంటింట్లోకి వెళ్ళింది. కంపెనీ ఆవిడ నంబరు మరిది ఫోనులో ఉంటుంది, కలిపిపెట్టమని తోడికోడలిని అడిగింది. ఎందుకక్కా, అంతా బాగా అయిపోయిందిగా అని తోడికోడలు అంది గాని, ఆమె మొహం చూసి ఇంకేమీ అడక్కుండా కలిపి చేతికిచ్చింది.

పేరు చెప్పక్కర్లేకుండానే అవతలావిడ గొంతు గుర్తుపట్టింది. వదిన నిలబడే మాట్లాడింది. నిన్న మీతో అబద్ధం చెప్పానండీ, అంది. కొట్టుకోవడం ఆగలేదని, దాక్కునే చోటు లేదని, బలంలేనివాటికి తిండి అందడం లేదని చెప్పింది. మా మరిది తప్పు కాదు, నిజం చెబితే మళ్ళీ బోనులు వస్తాయని నేనే భయపడ్డాను, అంది. బోనులు మాత్రం వద్దండి, కొట్టుకున్నా సరే, బోనులు వద్దు, గోడలు కావాలి, అంది.  

అవతలావిడ కోప్పడలేదు. ఈ వారంలోనే అడ్డుగోడలకు సామానూ మనుషులనూ పంపిస్తానంది. తినేటప్పుడు ఒకదాన్నొకటి తొయ్యకుండా విడివిడి అరలు కూడా కట్టిస్తామంది. ఒప్పందం రద్దు కాదు, మీరు కంగారుపడకండి అంది. వదిన సరేనండి, సరేనండి అంటూ విన్నది. ఇక ఫోను పెట్టేయబోతుంటే ఆవిడే ఆపింది.

"ఒక్కమాటండీ. మూలలో గోడవైపు తిరిగి ఒకటి నిలబడి ఉంది, మీకు గుర్తుందా? దాన్ని చూసే మిమ్మల్ని ఎలా ఉన్నాయని అడిగాను. మీరు బాగున్నాయన్నాక, నాకంటే మీకే తెలుస్తుంది కదా అని ఊరుకున్నాను. ఇంటికెళ్ళాక కూడా అదే కళ్ళల్లో మెదులుతోంది. ఇప్పుడెలా ఉందది?"

తోడికోడలు పొయ్యి ఆపి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి నిలబడింది. బయట ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

"అది లేదండి," అంది వదిన.